కడుపు నిండితే ఒంటికి పట్టినట్టేనా?

రక్తహీనతతో వచ్చిన గర్భిణిని "సరిగ్గా తింటున్నావా అమ్మా?" అని ఏ డాక్టరు అడిగినా వచ్చే జవాబు ఒక్కటే: "రెండు పూటలా కడుపు నిండా తింటున్నానండీ." ఆమె అబద్ధం చెప్పడం లేదు. కంచం నిండా అన్నం, పైన పలుచని చారు, పక్కన కాస్త పచ్చడి. ఆకలి తీరుతుంది, హిమోగ్లోబిన్ మాత్రం ఉండాల్సిన 11కి చేరదు. వైద్యం తేలికే. ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్ర రోజుకొకటి, 180 రోజులు. రక్తం మరీ తగ్గితే ఇంజక్షన్. కానీ మలం నల్లగా వస్తోందని, వికారంగా ఉందని మాత్రలు మధ్యలోనే ఆపేస్తారు. నల్లగా రావడం ఐరన్ వల్లే, భయపడాల్సిన పని లేదు, దయచేసి ఆపకండి. అయితే మాత్రలు పూర్తిగా వాడినవారు కూడా మళ్లీ అదే కంచం ముందు కూర్చుంటే రక్తహీనత తిరిగి వస్తుంది. అందుకే ఈ జబ్బుకు సగం వైద్యం వంటగదిలో జరగాలి. ఆ వైద్యం చేయగల వాళ్లు పోషకాహారం చదువుతున్న విద్యార్థులు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. 15-49 ఏళ్ల మహిళల్లో రెండు చోట్లా సగం కంటే ఎక్కువ మందికి ఉంది. అన్నం పెట్టే చేతులు మనకు తక్కువేమీ కాదు. 1975లో మొదలైన అంగన్‌వాడీలు, బడుల్లో మధ్యాహ్న భోజనం, 2014 నుంచి హైదరాబాద్‌లో అయిదు రూపాయల భోజనం, 2018లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన అన్న క్యాంటీన్లు లక్షల మంది ఆకలి తీర్చాయి. ఇవి తక్కువ పనులు కావు. మిగిలిన పని ఆ అన్నం పక్కన పప్పు, ఆకుకూర, గుడ్డు ఉండేలా, అవి తిన్నవారి ఒంటికి పట్టేలా చూడటం.

చాలా కాలేజీలు విద్యార్థులను ఊళ్లకు పంపుతూనే ఉన్నాయి. వాళ్లు చార్టులు కట్టి, ప్రసంగం చేసి, ఫొటో దిగి వెళ్లిపోతే ఎవరి రక్తమూ పెరగదు. వాళ్లు నిలబడాల్సింది గుండిగ దగ్గర. ప్రాథమిక బడిలో పిల్లవాడికి రోజుకు 20 గ్రాముల పప్పు ఇవ్వాలన్నది నిబంధన. అంటే వంద మందికి రెండు కిలోలు. అంత పప్పు వేసినా గరిటె అడుగుదాకా పోకపోతే ముందు వరుస పిల్లలకు పలుచని నీళ్లు, చివరి వరుసకు చిక్కని పప్పు పడతాయి. ఆ భోజనంలో ఉండాల్సిన మాంసకృత్తులు 12 గ్రాములు. ఒక్క గుడ్డుతో అందులో దాదాపు సగం సమకూరుతుంది కనుక గుడ్డు పిల్లవాడి కడుపులోకే పోయిందో లేదో చూడాలి. బలవర్ధక బియ్యంలో వందకు ఒకటి చొప్పున ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపిన గింజలు ఉంటాయి. వాటిని ప్లాస్టిక్ బియ్యమనుకుని ఏరి పారేసేవాళ్లున్నారు. ఆ గింజ ఏమిటో పక్కన కూర్చుని చెప్పేవాళ్లు కావాలి. గంజి వార్చి పారబోస్తే బి విటమిన్లు పోతాయనీ, భోజనం కాగానే టీ తాగితే ఐరన్ ఒంటికి సరిగా పట్టదనీ, తోటకూర పప్పులో నిమ్మరసం పిండితే బాగా పడుతుందనీ చెప్పడానికి రూపాయి ఖర్చు లేదు.

ఆకలితో ఉన్నవాడికి ముందు అన్నం పెట్టాలి గానీ గ్రాముల లెక్కలేమిటని కొందరు అంటారు. ముందు అన్నమే పెట్టాలి, అందులో రెండో మాట లేదు. కానీ అతనికి రోజు మొత్తంలో దొరికే మంచి భోజనం ఆ ఒక్కటే అయినప్పుడు, అది అన్ని విధాలా నిండుగా ఉండటం పేదవాడి హక్కు. అనుభవం లేని పిల్లలు వంటమ్మలకు ఏం నేర్పుతారని ఇంకొందరి అభ్యంతరం. వాళ్లు నేర్పడానికి ముందు నేర్చుకోవాలి. వందల మందికి వండే చేతుల ముందు పాఠ్యపుస్తకం చిన్నదే. అయితే పసిపిల్లల జబ్బ చుట్టుకొలత టేపుతో కొలిచి, 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉన్న బిడ్డను వెంటనే ఆసుపత్రికి చేర్చడంలో, నెలనెలా బరువు రాసి పెరగనివారి ఇంటికి వెళ్లడంలో పనిభారంతో నలిగే అంగన్‌వాడీ టీచరుకు వాళ్లు గొప్ప అండ అవుతారు. నిధులు చాలవన్నది మూడో మాట, అది నిజమే. పప్పు, గుడ్డు ధరలు పెరిగితే వంటకిచ్చే సొమ్ము చాలదు. ఆ కొరతను గట్టిగా అడగాలంటే భోజన కేంద్రాల వారీగా రోజువారీ లెక్క చేతిలో ఉండాలి. ఆ లెక్కను శ్రద్ధగా రాయగలిగింది విద్యార్థులే.

పోషకాహార కోర్సులు నడిపే కాలేజీలకు నా విన్నపం ఇది. ఒక్కో విద్యార్థికి ఒక్కో భోజన కేంద్రాన్ని ఏడాది పాటు అప్పగించండి. ఆ పనికి మార్కులివ్వండి, వాళ్లు రాసిన లెక్కలను జిల్లా అధికారుల ముందు పెట్టండి. విద్యార్థులారా, చార్టు పక్కన పెట్టి గరిటె పట్టండి. డాక్టర్లుగా మేం రాసే మాత్రలు పనిచేయాలంటే, మీరు ఆ కంచం దగ్గర ఉండాలి.