పోర్టు చేద్దామనుకుంటున్నారా? కాస్త కూర్చోండి

ఈమధ్య తెలిసిన కుర్రాళ్లలో ఎవరో ఒకరు వచ్చి, "సార్, ఫలానా సాఫ్ట్‌వేర్ ఈ కొత్త బోర్డు మీద నడవట్లేదు, మనమే పోర్టు చేస్తే ఎలా ఉంటుంది?" అని అడుగుతున్నారు. అడిగే సరికే గిట్‌హబ్‌లో ప్రాజెక్టుకి పేరు పెట్టేసి ఉంటారు. లోగో కూడా గీసేసి ఉంటారు. అంటే వాళ్లొచ్చింది సలహాకి కాదు, అక్షింతలకి. మీరూ ఆ ఊపులోనే ఉంటే అక్షింతలు తర్వాత వేస్తాను గానీ, ముందు కాసేపు కబుర్లు చెప్పుకుందాం.

పోర్టింగ్‌లో ఉన్న ఆకర్షణ నాకు తెలియక కాదు. ప్రోగ్రాము ఎవరో రాసిపెట్టారు, అది పనిచేస్తుందని లోకానికంతా తెలుసు. మనం చేయాల్సిందల్లా దాన్ని ఇంకో చిప్పు మీదో, ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ మీదో నిలబెట్టడమే. సగం పని అయిపోయినట్టే అనిపిస్తుంది. ఆ మిగతా సగంలో ఏముంటుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. సీ భాషలో ఉత్త 'చార్' అని రాస్తే దానికి రుణసంఖ్యలు ఉంటాయా లేదా అన్నది భాష తేల్చదు, కంపైలర్‌కి వదిలేస్తుంది. ఇంటెల్ యంత్రాల మీద మామూలుగా ఉంటాయి. లినక్స్ నడిచే ఆర్మ్, రిస్క్-ఫైవ్ యంత్రాల మీద ఉండవు. ఫైలు అయిపోయిందని చెప్పే మైనస్ ఒకటిని ఎవరో అమాయకుడు 'చార్'లో దాచాడనుకోండి. ఇంటెల్ మీద ఇరవయ్యేళ్లు చక్కగా నడిచిన లూపు కొత్త చిప్పు మీద ఎప్పటికీ ఆగదు. తప్పు మీది కాదు, కానీ తెల్లవారుజామున రెండింటికి దాన్ని వెతికేది మీరే.

ఇదంతా విని భయపడాలని కాదు. పోర్టు కానే కాదన్నవే అయ్యాయి. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ సంగతి బయటపెట్టినప్పుడు, ఇది 386 చిప్పుకి కట్టుబడి రాసింది, వేరే యంత్రాలకి పోయేది కాదని తనే చెప్పుకున్నాడు. 1994లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీలో పనిచేసే జాన్ హాల్, అందరూ 'మ్యాడ్‌డాగ్' అని పిలిచే పెద్దమనిషి, లైనస్‌కి ఓ ఆల్ఫా యంత్రం ఇప్పించాడు. 64 బిట్ల యంత్రం అది. 1995 మార్చిలో లినక్స్ 1.2 వచ్చేసరికి అందులో ఆల్ఫా కూడా ఉంది.

ఇక్కడ గమనించాల్సింది వేగం కాదు. అప్పటికే అమిగా కంప్యూటర్ల అభిమానులు లినక్స్‌ని మోటరోలా 68000 వంశపు చిప్పుల మీద నడిపారు. కానీ అది అసలు కోడుకి దూరంగా, వేరుగా పెరిగింది. 1996 దాకా ఆ అసలు కోడులో కలవలేదు. లైనస్ మాత్రం ఆల్ఫా పని చేస్తూ, అన్ని యంత్రాలకీ ఉమ్మడిగా ఉండేదేమిటి, ఒక్కో చిప్పుకి ప్రత్యేకమైనదేమిటి అని కోడుని విడదీశాడు. తర్వాత వచ్చిన పోర్టులన్నిటికీ ఇంట్లోనే ఓ గది సిద్ధంగా దొరికింది. అందుకే మొదటి ప్రశ్న: మీ మార్పుల్ని అసలు ప్రాజెక్టు వాళ్లు తీసుకుంటారా? ఒక్క కోడు లైను రాయకముందే వాళ్లకి ఓ ఉత్తరం ముక్క రాసి అడగండి. "పంపండి, చూస్తాం" అంటే సగం గెలిచినట్టు. "మాకు ఆసక్తి లేదు" అంటే, వాళ్లు కొత్త వెర్షన్ విడుదల చేసిన ప్రతిసారీ మీ మార్పులన్నీ మళ్లీ అతికించుకోవాలి. అది మీ జీతం లేని ఉద్యోగం.

రెండో సంగతి 2023 జులైది. లినక్స్‌తో పూర్తి ఆపరేటింగ్ సిస్టమ్ కట్టి పంచిపెట్టే డెబియన్ ప్రాజెక్టు వాళ్లు ఆ నెలలోనే రిస్క్-ఫైవ్ చిప్పుల పోర్టుని అధికారికంగా తమ గూటిలో చేర్చుకున్నారు. అదే నెలలో డెబియన్ జీఎన్‌యూ/కేఫ్రీబీఎస్‌డీ అనే పాత పోర్టుని ముగించారు. ఇది లినక్స్ కెర్నల్ బదులు ఫ్రీబీఎస్‌డీ కెర్నల్ మీద డెబియన్‌ని నడిపే ప్రయత్నం. ఎంతో తెలివైన పని. 2011లో స్క్వీజ్ అనే డెబియన్ వెర్షన్ విడుదలతో పాటు జనం ముందుకి కూడా వచ్చింది. నడవక ఆగిపోలేదండీ. వాడేవాళ్లూ, చూసుకునేవాళ్లూ తగ్గిపోయి ఆగిపోయింది. ఇంటెల్ ఇటానియం చిప్పు కథా అంతే. దాన్ని పట్టించుకునే మెయింటెయినర్ లేక, 2024 జనవరిలో వచ్చిన లినక్స్ 6.7లోంచి ఆ కోడు తీసేశారు.

కొత్త యంత్రం మీద మొదటిసారి తెర వెలిగిన రోజు పెళ్లిరోజు లాంటిది. ఫొటోలు, అభినందనలు, హడావుడి. కాపురం ఆ మర్నాటి నుంచి. కంపైలర్ మారుతుంది, లైబ్రరీలు మారతాయి, భద్రతా లోపం బయటపడితే అందరితో పాటు మీరూ అదే రోజు ప్యాచ్ ఇవ్వాలి. డెబియన్ వాళ్లకి ఓ మంచి అలవాటుంది. విడుదలకి ముందు ఒక్కో పోర్టుకీ బాధ్యత తీసుకునేవాళ్లెవరో పేర్లిమ్మని అడుగుతారు. మీరూ ఓ కాగితం మీద అలాంటి పేర్లు రాసి చూడండి. మీ పేరొక్కటే ఉంటే ఇంకా ప్రాజెక్టు మొదలుకాలేదన్నమాట.

ఇంకోటీ ఆలోచించండి, అసలు పోర్టు అవసరమా అని. విండోస్ ప్రోగ్రాముల్ని ఒక్కొక్కటీ లినక్స్‌కి మార్చే బదులు, వాటిని ఉన్నవున్నట్టు నడిపే పొర కడదామని 1993లో వైన్ మొదలైంది. 1.0 వెర్షన్ వచ్చింది 2008లో. పదిహేనేళ్లు! కానీ దాని మీద ఆధారపడి 2018లో వాల్వ్ కంపెనీ ప్రోటాన్ తెచ్చాక, ఎన్నో విండోస్ ఆటలు పోర్టు అక్కర్లేకుండానే లినక్స్ మీద ఆడుతున్నాయి. అప్పటిదాకా ఒక్కో ఆటనీ కూర్చుని పోర్టు చేసినవాళ్ల శ్రమ ఏమైందో మీరే ఊహించుకోండి.

"అయితే మానేయమంటారా?" అంటారేమో. అబ్బే! నేర్చుకోటానికైతే ఇవాళే మొదలెట్టండి, ఎవర్నీ అడగక్కర్లేదు. బోర్డు లేకపోయినా పరవాలేదు, క్యూఎము ఎమ్యులేటర్ ఉచితం. పోర్టు చేసినంత బాగా కంప్యూటర్ లోపలి సంగతులు నేర్పే బడి ఇంకోటి లేదు. మన దేశంలోనే మద్రాసు ఐఐటీ వాళ్లు శక్తి, సీడాక్ వాళ్లు వేగ అని రిస్క్-ఫైవ్ ప్రాసెసర్లు తయారుచేశారు కూడా. ఆ వైపు చేయాల్సిన పని బోలెడుంది. పెద్ద ఆపరేటింగ్ సిస్టమే మార్చాలని లేదు. నలుగురూ వాడే చిన్న లైబ్రరీ ఒకటి ఆ చిప్పుల మీద టెస్టులన్నీ పాసయ్యేలా చేసి, ఆ ప్యాచ్‌ని అసలు ప్రాజెక్టులో కలిపితే చాలు. దానికి పేరు వేరే అక్కర్లేదు, లోగో అసలే అక్కర్లేదు.

కానీ "మా పోర్టు వాడండి" అని పదిమందికీ చెప్పాలనుకుంటే మాత్రం ఆగండి. మీతో పాటు చేయి వేసే రెండో మనిషి దొరికాక చెప్పండి. అప్పుడు రండి, అక్షింతలు నేనే వేస్తాను.