పెట్టె కూడా శిల్పమే

గ్వాచన్, దక్షిణ కొరియా

తమ్ముడూ,

శిల్పంలో టీవీ పెడితే శిల్పానికి ఒరిగేదేమిటి, వీడియో చూపించాలంటే గోడ మీద తెర చాలదా అని అడిగావు. దానికి జవాబు ఇక్కడి జాతీయ ఆధునిక, సమకాలీన కళల మ్యూజియం నడిబొడ్డున 18.5 మీటర్ల ఎత్తున నిలబడి ఉంది. సియోల్ ఒలింపిక్స్ జరిగిన 1988లో వీడియో కళాకారుడు నామ్ జూన్ పైక్ కట్టిన టీవీల గోపురం అది. పేరు ‘దాదాయిక్సన్’, ఎన్ని ఎక్కువుంటే అంత మంచిదని. మొత్తం 1003 టీవీలు. అక్టోబరు 3న కొరియన్లు జరుపుకునే దేశావతరణ దినానికి గుర్తుగా ఆ అంకె పెట్టుకున్నాడు. అడుగున 25 అంగుళాల డబ్బాలు, పైకి పోయేకొద్దీ చిన్నవి, శిఖరం దగ్గర 6 అంగుళాలవి. బౌద్ధుల పగోడాలాగా అంతస్తు మీద అంతస్తు సన్నబడుతూ పోతుంది. చుట్టూ ఒక ర్యాంపు మెలి తిరుగుతూ పై అంతస్తుకు ఎక్కుతుంది. అందుకని దీన్ని ఎవరూ ఎదురుగా కూర్చుని చూడరు. గుడి చుట్టూ తిరిగినట్టు తిరుగుతూ, కింద నుంచీ పక్క నుంచీ పై నుంచీ చూస్తారు.

ఇందులో ఒక్క పెట్టె దగ్గర ఆగి చూడు. అద్దం బల్లపరుపుగా ఉండదు, బొర్రలా ముందుకు ఉబ్బి ఉంటుంది. బొమ్మ అంచులు ఆ ఉబ్బు వెంట కొద్దిగా వంగుతాయి. వెలుగు అద్దం లోపలి పూత నుంచే పుడుతుంది కాబట్టి ఎదురుగా ఎంత కాంతి ఉందో పక్కకు జరిగినా అంతే ఉంటుంది. వెనక పిక్చర్ ట్యూబు మెడ సన్నబడుతూ పోతుంది గనుక పెట్టెకు వెడల్పుతో పాటు మంచి లోతూ ఉంటుంది. తెరల మీద ఆడే బొమ్మలు మాత్రం అంత గొప్పవేం కావు. క్యోంగ్బోక్ ప్యాలెస్, విసనకర్రల నాట్యం, పారిస్ విజయ తోరణం, గ్రీసు పార్థెనాన్, అన్నీ కలిసి కనురెప్ప ఆర్పేలోగా మారిపోతుంటాయి. అవే బొమ్మల్ని గోడ మీద ప్రొజెక్టర్‌తో వేస్తే పర్యాటక శాఖ ప్రకటన అనుకుని దాటిపోతాం. ఇక్కడ ఆపేది ఆ వెయ్యి పెట్టెల దొంతర, వాటి మధ్య నల్లటి సందులు, ఒకే మెరుపు అన్ని ఉబ్బు అద్దాల మీదా ఒక్కసారి పారడం.

నేను చెప్పదలిచింది ఇదే. వీడియోకు తనంతట తనకు బరువు లేదు, లోతు లేదు, వెనకవైపు అనేదే లేదు. అవి పెట్టె నుంచి వస్తాయి. కాబట్టి ఇలాంటి కృతుల్లో పెట్టె అంటే బొమ్మకు కట్టిన పటం కాదు, శిల్పంలో సగం. దాన్ని మార్చడమంటే ఎలక్ట్రీషియన్ బల్బు మార్చినట్టు కాదు. శిల్పం చెయ్యి విరిగిన చోట శిల్పి కొత్త చెయ్యి చెక్కడమంత పని.

ఇది ఊరికే సిద్ధాంతం కాదనడానికి ఈ గోపురం చరిత్రే సాక్ష్యం. 2003లో టీవీలన్నీ ఒకసారి మార్చారు. ఆ మార్చినవీ పాతబడి, ప్రమాదం ఉందని 2018 ఫిబ్రవరిలో మొత్తం ఆపేశారు. తర్వాత పెద్ద చర్చ నడిచింది. విప్పేయాలని కొందరు, అన్నిటినీ పలుచటి తెరలు చేసేయాలని కొందరు, పిక్చర్ ట్యూబులు దొరికినంత కాలం అవే ఉంచాలని కొందరు. చివరికి మ్యూజియం మధ్యే మార్గం పట్టింది. 737 పిక్చర్ ట్యూబు టీవీలను బాగు చేయించింది, కుదరని చోట సెకండ్ హ్యాండ్‌వి వెతికి తెచ్చి పెట్టింది. శిఖరం దగ్గరి 6, 10 అంగుళాల 266 పెట్టెల్లో మాత్రం, పై రూపం చెడకుండా, ఎల్‌సీడీ తెరలు బిగించింది. 2022 సెప్టెంబరులో మళ్ళీ వెలిగించారు. అదీ వారానికి నాలుగు రోజులు, రోజుకు రెండు గంటల చొప్పున, ఉన్న ట్యూబుల ఆయుష్షు లెక్క చూసుకుంటూ.

‘కింద నిలబడిన వాడికి అంత ఎత్తున ఉన్నది ట్యూబో, ఎల్‌సీడీయో ఏం తెలుస్తుంది’ అంటావేమో. కింద నిలబడిన వాడికి తెలియదు, నిజమే. ర్యాంపు ఎక్కేవాడి సంగతి వేరు. పలుచటి తెరను ఏటవాలుగా చూసినప్పుడు రంగు పాలిపోవచ్చు, వెలుగు తగ్గవచ్చు. ట్యూబుకు ఆ గొడవ లేదు. ఈ గోపురాన్ని చూసేదే ఏటవాలుగా, తిరుగుతూ. అంటే తెర రకం మార్చడమంటే చూసేవాడు నడిచే దారినే కొంత మార్చడం. అయినా మ్యూజియం తప్పు చేసిందని నేననను. తగిన ట్యూబులు దొరకని చోట మాత్రమే మార్చి, అక్కడా పెట్టె ఆకారం కాపాడారు. వాళ్ళు ఆలోచించింది శిల్పులలాగే.

యోంగిన్

తమ్ముడూ,

పైక్ పేరుతో 2008లో తెరిచిన ఆర్ట్ సెంటర్ ఈ ఊళ్లోనే ఉంది. నా వాదనకు గట్టి బలం, గట్టి చిక్కు రెండూ ఇక్కడే దొరికాయి.

బలం ‘టీవీ బుద్ధ’. మొదట 1974లో న్యూయార్క్‌లో చేశాడు. ఆ తొలి రూపం ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్ స్టెడెలిక్ మ్యూజియంలో ఉంది. తయారీ చూస్తే ఇంతే: ఒక బుద్ధ విగ్రహం, దాని ఎదురుగా ఒక టీవీ, విగ్రహం వైపు తిప్పిన ఒక కెమెరా, కెమెరా నుంచి టీవీకి ఒక వైరు. టేపు లేదు, రికార్డింగు లేదు. బుద్ధుడు తననే తాను టీవీలో చూసుకుంటూ కూర్చుంటాడు. విగ్రహం మీద గుడ్డ కప్పితే వీడియో కూడా గుడ్డే. శిల్పాన్ని తీసేసి వీడియో ఒక్కటీ చూపించు అంటే చూపించడానికి ఏమీ ఉండదు. రెంటినీ విడదీసి చూడొచ్చు అనేవాళ్ళకు ఇంతకన్నా తేలికైన జవాబు లేదు. పైగా ఇక్కడ ప్రదర్శించడమే తయారు చేయడం. కెమెరా నాలుగు వేళ్ళు ఎత్తితే తెర మీద బుద్ధుడి గడ్డం తెగిపోతుంది. హాల్లో దీపం పక్కకు జరిపితే తెరలో ముఖం సగం నీడలో పడుతుంది. వెనక నుంచి ఎవరైనా వంగి తొంగిచూస్తే ఆ తలకాయ కూడా బుద్ధుడి భుజం పక్కన ప్రత్యక్షమవుతుంది. పిల్లలు దీన్ని పెద్దల కంటే ముందే కనిపెట్టేస్తారు.

ఇక చిక్కు. పైక్ ఈ బుద్ధుణ్ణి చాలాసార్లు చేశాడు. ప్రతిసారీ వేరే విగ్రహం, వేరే టీవీ. ఇక్కడున్న రూపానికి 1974/2002 అని రెండు ఏళ్ళు వేసి ఉంటాయి. గ్వాచన్ గోపురంలో 2003లో టీవీలు మార్చింది కూడా ఆయన బతికి ఉండగానే. 2006లో కదా పోయాడు. చేసినవాడికే లేని పట్టింపు నీకెందుకు అని ఎవరైనా అడగొచ్చు, అడగాలి కూడా.

నా సమాధానం: ఆయన ఏవి మార్చాడో చూడటంతో సరిపెట్టుకుంటే పొరపాటు, ఏవి మార్చలేదో కూడా చూడాలి. విగ్రహం మారింది, టీవీ కంపెనీ మారింది. కానీ టీవీ ప్రతిసారీ విగ్రహానికి ఎదురుగా, తనకూ ఒక ఒళ్ళున్న ఇంకో మనిషిలా కూర్చుంది. దాని బదులు గోడకు పలుచటి తెర తగిలిస్తే అది అద్దం అవుతుంది. బుద్ధుడు అద్దంలో చూసుకుంటున్నాడు అనడం వేరు, తనంత వస్తువుతో ముఖాముఖి కూర్చున్నాడు అనడం వేరు. పక్క గదిలోని ‘టీవీ గార్డెన్’ చూసినా అదే తేలుతుంది. నిజం మొక్కల మధ్య టీవీలు కొన్ని వెల్లకిలా పడుకుని పైకి చూస్తుంటాయి, ఆకుల అడుగున రంగు వెలుగు పారుతుంటుంది. గదిని బట్టి ఎన్ని టీవీలు, ఎన్ని మొక్కలు అన్నది మారుతుంది, మొక్కలైతే ఎలాగూ పెరుగుతాయి. మారనిది పచ్చదనంలో సగం మునిగిన ఆ డబ్బా ఆకారం. అంటే పైక్‌కు పట్టింపు లేదని కాదు, ఆయన పట్టింపు బ్రాండు మీద లేదు, ఆకారం మీదా కూర్చునే తీరు మీదా ఉంది.

ఇంకో మాట. ఈ వాదనలో ఎప్పుడూ వెనక నిలబడిపోయే మనిషి టెక్నీషియన్. గ్వాచన్ గోపురం నుంచి మొదలుపెట్టి పైక్‌తో ఏళ్ళ తరబడి పనిచేసిన లీ జంగ్ సంగ్ సియోల్‌లోని సేవూన్ సంగా అనే ఎలక్ట్రానిక్స్ బజారు నుంచి వచ్చినవాడు. మన కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోటు. వెయ్యి టీవీలకు సిగ్నల్ ఎలా పంచాలి, వేడి ఎటు పోవాలి, ఒకటి చెడితే మిగతావి ఆపకుండా దాన్ని ఎలా లాగాలి అనేవి శిల్పానికి సంబంధం లేని ప్రశ్నలని మనం అనుకుంటాం. కానీ రాతి శిల్పికి రాయి పొర ఎటు చీలుతుందో తెలియడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. ఎగ్జిబిషన్ బోర్డు మీద కళాకారుడి పేరు, స్పాన్సరు పేరు ఉండి ఈ మనిషి పేరు లేకపోవడం నాకు నచ్చదు.

వాషింగ్టన్

తమ్ముడూ,

ఇక నీ మిగతా అభ్యంతరాలు. పెట్టె అంత ముఖ్యమైతే పెట్టె లేకుండా చేసినవాళ్ళ సంగతేమిటి అన్నావు. బాగుంది. అమెరికన్ కళాకారుడు టోనీ ఔర్స్‌లర్ 1990లలో గుడ్డ బొమ్మల ముఖాల మీద చిన్న ప్రొజెక్టర్‌తో మనుషుల ముఖాలు వేశాడు. బొమ్మ గొణుగుతుంది, ఏడుస్తుంది, తిడుతుంది. అక్కడ టీవీ లేదు, కానీ ఒళ్ళు లేకుండా లేదు. దూది కుక్కిన ఆ తల గుండ్రంగా ఉండబట్టే బల్లపరుపు ముఖం దాని మీద సాగి, కళ్ళు పక్కకు జరిగి, భయం పుడుతుంది. పెట్టె పోయి గుడ్డ వచ్చింది, అంతే. పైక్ భార్య షిగేకో కుబోటా 1976లో ఇంకో దారి పట్టింది. ప్లైవుడ్‌తో మెట్లు కట్టి, మెట్టు మెట్టులో ఒక టీవీ చొప్పున నాలుగు అమర్చి, మెట్లు దిగే నగ్న స్త్రీని వాటిలో చూపించింది. మార్సెల్ డుషాంప్ పాత చిత్రానికి ఆమె జవాబు అది. మోమా సేకరణలో ఉన్న ఆ పనిలో మెట్లు తీసేసి నాలుగు తెరలు వరసగా పెడితే దిగడం అనే మాటే పోతుంది.

ఇక్కడి స్మిత్సోనియన్ అమెరికన్ ఆర్ట్ మ్యూజియంలో పైక్ 1995లో చేసిన ‘ఎలక్ట్రానిక్ సూపర్ హైవే’ ఒక గోడంతా పరుచుకుని ఉంది. 336 టీవీలు, 50 డీవీడీ ప్లేయర్లు, 3,750 అడుగుల కేబుల్, 575 అడుగుల నియాన్ గొట్టాలు. అమెరికా పటంలో రాష్ట్రాల సరిహద్దులు నియాన్‌తో వెలుగుతుంటే, ఒక్కో రాష్ట్రంలో దాని వీడియో ఆడుతుంది. వాషింగ్టన్ ఉన్న చోట మాత్రం కెమెరా పెట్టి, ఎదురుగా నిలబడ్డ ప్రేక్షకుడినే చూపిస్తుంది. నిజం చెప్పాలంటే నా వాదనకు ఇది గ్వాచన్ గోపురమంత సహకరించదు. చూసేది ఎక్కువగా ఎదురుగానే కాబట్టి దీన్ని ఒక పెద్ద ఎల్‌ఈడీ గోడగా మార్చేయొచ్చు అనిపిస్తుంది. కానీ దగ్గరికి పోతే రాష్ట్రాలు ఒకే తెరలో గీసిన గీతలు కావని, పెట్టెలు ఒకదానికొకటి ఒరుసుకుంటున్న గుంపులని తెలుస్తుంది. ఆ అతుకులు పోతే మిగిలేది వాతావరణ వార్తల పటం.

అసలు అభ్యంతరం ఇంకా మిగిలే ఉంది. పిక్చర్ ట్యూబులు చేసేవాళ్ళు కరువయ్యారు. ఉన్నవి ఒక్కొక్కటే ఆరిపోతాయి. అప్పుడు పట్టుబట్టి చీకట్లో ఉంచుతావా, మార్చి వెలిగిస్తావా? మార్చి వెలిగించాల్సిందే. మన తోలుబొమ్మలాటలో కూడా ఆముదం దీపాలు పోయి కరెంటు బల్బులు వచ్చాయి. మేకతోలు పలుచగా గీకి, చిల్లులు పొడిచి, రంగులద్దిన బొమ్మ అదే, కథ అదే. దీపం రెపరెపలాడినప్పుడు తెర మీద ప్రాణం పోసుకున్నట్టు కదిలే నీడ మాత్రం బల్బు వెలుగులో నిలకడగా నిలబడిపోయింది. అందుకని ఆట ఆపేయాలని ఎవరూ అనరు. పోయినదేమిటో తెలిసి మార్చడం వేరు, ఏదీ పోలేదనుకుంటూ మార్చడం వేరు. రెండోదే ఎక్కువ జరుగుతుంది, ఎందుకంటే పనిని వీడియో ఫైలుగానే భద్రపరుస్తారు, పెట్టె లోతు ఎంతో ఎవరూ రాసి పెట్టరు.

రాసి పెట్టే పద్ధతి లేకపోలేదు. న్యూయార్క్ గుగెన్‌హైమ్ మ్యూజియం ఈ పని ఒకప్పుడు ఒక క్రమం ప్రకారం మొదలుపెట్టింది. కళాకారుడు బతికి ఉండగానే కూర్చోబెట్టి, పాత వస్తువునే నిల్వ చేయాలా, కొత్త యంత్రంతో పాతదానిలా కనిపించేలా చేయొచ్చా, కొత్త తరం పరికరంలోకి మార్చొచ్చా, మొత్తం తిరగ రాసుకోవచ్చా అని ప్రశ్నావళి ఇచ్చి అడిగింది. దీనికి కోట్లు అక్కర్లేదు, కాగితం చాలు.

కాబట్టి నువ్వు చెక్కుతున్న గ్రానైటు శిల్పంలో తెర అమర్చే ముందు నా మాట ఒకటి విను. తెర కొలత, లోతు, ఎంత వంపుగా కూర్చోవాలి, చూసేవాడు ఎటు నుంచి వస్తాడు, గదిలో ఎంత వెలుగు, ఏది మార్చినా ఫర్వాలేదు, ఏది మార్చితే నీ పేరు తీసేయాలి, ఇవన్నీ తెలుగులోనే ఒక పేజీ మీద రాసి, సంతకం పెట్టి, వైరింగు చేసిన మనిషి చేత కూడా పెట్టించి, ప్రదర్శన పెట్టే హాలు వాళ్ళకు ఒక ప్రతి ఇవ్వు. ఒకటి నాకూ పంపు.

అక్క