కొండ మీద ఐదుగురు

న్యూఢిల్లీలోని అశోకా రోడ్డుకు వాగ్దానాలతో సంబంధం ఎక్కువ. ఇండియా గేటు వైపు కొసన హైదరాబాద్ హౌస్‌లో దేశాల మధ్య ఒప్పందాలు కుదురుతాయి. ఎన్నికల సంఘపు నిర్వాచన్ సదన్ ఈ దారిలోనే ఉన్నది. తెలుగు జిల్లాల నుంచి వినతిపత్రాలతో వచ్చేవారు ఆంధ్రా భవన్‌లో బస చేసి, 'పరిశీలనలో ఉన్నది' అన్న మాటతో తిరుగు రైలెక్కుతారు. గోల్ డాక్‌ఖానా వైపు కొసన సేక్రెడ్ హార్ట్ కెథడ్రల్ ఉన్నది. అక్కడ వినిపించే వాగ్దానాలకు గడువు తేదీ ఉండదు.

గడువు లేని మాటను నమ్మడం క్రైస్తవ విశ్వాసానికి పునాది. బైబిలు కథనం ప్రకారం అబ్రాహాము 75వ ఏట స్వస్థలం విడిచాడు. శారాకు ఇస్సాకు పుట్టేనాటికి అతనికి 100 ఏళ్లు. ముసలితనంలో బిడ్డ పుడతాడన్న మాట విని శారా నవ్వింది. ఇస్సాకు అన్న పేరుకు అర్థం కూడా నవ్వే. సందేహాన్ని దాచిపెట్టకుండా దానినే బిడ్డకు పేరుగా నిలుపుకొన్న కథ అది.

తెలుగునాట దీనికి సాటి వచ్చే ఉదంతం ఒంగోలుది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో తెలుగు దేశానికి వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్లు గడిచినా విశ్వాసులు బహు కొద్దిమందే. 1853లో ఆల్బనీ నగరంలో సమావేశమైన మిషనరీ సంఘం తెలుగు మిషన్‌ను మూసివేయాలా అని చర్చించింది. పరిపాలన తెలిసినవారు ఆ చర్చను తప్పు పట్టలేరు. బర్మాలో ఫలితాలు కళ్లకు కనిపిస్తున్నవి. ఇక్కడ ఖర్చు తప్ప చూపడానికి ఏమీ లేదు. అయినా శామ్యూల్ ఎఫ్. స్మిత్ ఆ సందర్భంలో రాసిన 'లోన్ స్టార్' కవిత సభ్యుల మనసును కదిలించింది. మిషన్ నిలిచింది.

1854 జనవరి 1 వేకువన ఒంగోలు చెంతనున్న కొండ మీద ఐదుగురు మోకరిల్లారు: లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, నరసు, జూలియా, రూత్ అనే ముగ్గురు తెలుగు విశ్వాసులు. దిగువన కనిపించే ఊరికి ఒక మిషనరీని పంపమన్నదే వారి ప్రార్థన. జవాబు త్వరగా రాలేదు. 1862లో మూసివేత ప్రశ్న మళ్లీ తలెత్తగా, ఒంటరిగానైనా తిరిగి వెళ్తానని జ్యూయెట్ పట్టుబట్టాడు. జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలులో కాపురం పెట్టేసరికి ఆ ప్రార్థనకు పన్నెండేళ్లు నిండాయి.

వచ్చిన జవాబు సైతం ఎదురుచూసిన రూపంలో రాలేదు. అగ్రవర్ణాలవారు ముందు వస్తారని క్లౌ ఆశించాడు. వచ్చినవారు యెర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగలు. వారిని చేర్చుకుంటే తాము దూరమవుతామని పెద్ద కులాలవారు చెప్పారు. ఎవరు ముఖ్యమో తేల్చుకోవలసి వచ్చినప్పుడు క్లౌ పేరయ్య వారి పక్షమే నిలిచాడు.

1876–78 నాటి మహా క్షామంలో పూర్వం సర్వేయరుగా పనిచేసిన క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా కాంట్రాక్టు తీసుకుని, ఆకలిగొన్నవారికి కూలి కల్పించాడు. గింజల కోసం మతం మారారన్న మాట రాకుండా ఏడాదికి పైగా బాప్తిస్మాలు నిలిపివేశాడు. ఆపై 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వంతులవారీగా నీటిలో నిలిచి బాప్తిస్మమిచ్చినవారు తెలుగు బోధకులే.

ఆ రోజుకు కారణాలేమిటి? క్షామం ఒకటి, తరతరాల అంటరానితనపు అవమానం మరొకటి. ఈ రెండింటికీ చరిత్రకారుడు ఆధారాలు చూపగలడు, దైవహస్తానికి చూపలేడు. కాని అంకెలన్నీ ప్రతికూలంగా ఉన్న నాడు ఐదుగురు కొండ ఎక్కిన మాట కూడా చరిత్రలో భాగమే. వారు ఎక్కకపోతే క్షామకాలంలో కాలువగట్టున క్లౌ ఉండేవాడా అన్న ప్రశ్నకు ఆ కారణాలేవీ జవాబు చెప్పవు.

అనారోగ్యంతో స్వదేశానికి మరలిన శామ్యూల్ డే 1878 నాటికి జీవించి లేడు. వాగ్దానఫలం అందుకోకుండానే విశ్వాసంతో కన్నుమూసినవారిని హెబ్రీయులకు రాసిన పత్రిక గౌరవంతో తలచుకుంటుంది. ఆ జాబితాలో అబ్రాహాము పేరు కూడా ఉన్నది. నెల్లూరులో తొలి విత్తనం వేసిన మనిషిని సైతం ఆ వరుసలోనే చేర్చుకోవాలి.