పలివెల బాటలో పంక్చరు

కొత్తపేట నుండి పలివెల వస్తుండగా, కొబ్బరితోటల నడుమ మోటారుసైకిలు వెనుక టైరు దిగిపోయింది. భార్యాబిడ్డలను దింపి, బండి తోసుకుంటూ పంక్చరు దుకాణానికి చేరాను. చిన్న మేకే, గుచ్చుకున్నదీ నేలను తాకే భాగంలోనే. ప్యాచ్ చాలుననుకున్నాను. దుకాణదారు టైరు పక్కనున్న నెర్రెలు చూపి, "ప్యాచ్ నిలుస్తుందండీ, టైరే నిలవదు" అన్నాడు. గాడులు అడుగునున్న అరుగుదల గుర్తుల దాకా అరిగిపోయాయి. తయారీ సంఖ్య 2316: అనగా 2016లో 23వ వారం. ఇన్నేళ్లూ నేను చదవని అంకెలవి! ముందు ఒంటెను కట్టి, ఆపై అల్లాహ్‌పై భారముంచమన్న దైవప్రవక్త (స) బోధను పిల్లలకు చెప్పేది మాత్రం నేనే. జేబులో పండుగ బట్టల సొమ్ముంది. బేరమాడబోతుంటే, "బట్టలు తర్వాత చూద్దాం" అన్నది నా భార్య. కొత్త టైరు బిగించేసరికి అసర్ వేళయింది.