ఏడూళ్ల బీడు

ఉమ్మడి బీళ్లకు కంచెలు పడ్డాయి, సేద్యం మెరుగైంది, దిగుబడి పెరిగింది అని ఇంగ్లండు చరిత్ర పాఠ్యగ్రంథాలు చెబుతాయి. మెరుగైంది ఎవరికి? తరగతిలో ఎవరైనా ఈ ప్రశ్న వేస్తే నేను ఆట్‌మూర్ కథ చెబుతాను.

ఆక్స్‌ఫర్డు నగరానికి ఈశాన్యాన, కొద్ది మైళ్లలో, సుమారు 4,000 ఎకరాల పల్లపు నేల అది. చలికాలం నీట మునుగుతుంది, వేసవిలో పచ్చికగా తేలుతుంది. దాని అంచున బెక్లీ, నోక్, ఆడింగ్టన్, చార్ల్టన్, ఫెన్‌కాట్, మర్‌కాట్, హార్టన్ అనే ఏడు పల్లెలు. దొరల లెక్కలో అది వృథా భూమి. కూలివాడికి మాత్రం అదే ఆస్తి. అక్కడే ఆవును మేపుకున్నాడు, బాతులను పెంచుకున్నాడు, చేపలు పట్టుకున్నాడు.

1815లో పార్లమెంటు ఈ నేలను పంచడానికి చట్టం చేసింది. పెద్ద వాటాలు భూస్వాములకు పోయాయి. చిన్న వాటా దక్కినవాడు కంచె ఖర్చు భరించలేక అమ్ముకున్నాడు. రే నదిని మళ్లించి గట్లు పోసేసరికి వరద రైతుల పొలాల మీద పడింది. రైతులు గట్లు తెగ్గొట్టారు; న్యాయస్థానం వారిని నిర్దోషులంది. గట్టే చెల్లనప్పుడు చట్టం మాత్రం ఎలా చెల్లుతుందని పేదలు తర్కించారు. 1830 ఆగస్టులో రాత్రివేళ కంచెలు కూలాయి. సెప్టెంబరు 6న పట్టపగలే సుమారు 1,000 మంది బీడు చుట్టూ నడిచి, అడ్డొచ్చిన ప్రతి కంచెనూ విరిచారు. గుర్రపు దళం 41 మందిని ఆక్స్‌ఫర్డు జైలుకు తరలిస్తుండగా, సెయింట్ గైల్స్ తిరునాళ్లకు వచ్చిన జనం రాళ్లు రువ్వి అందరినీ విడిపించారు.

ఇక్కడే ఆపితే వీరగాథ అవుతుంది, చరిత్ర కాదు. రైతు ప్రధానంగా తన పొలం మునగకుండా పోరాడాడు. పేదవాడు ఉమ్మడి హక్కు కోసం పోరాడాడు. ఇద్దరూ ఒకే గట్టు మీద నిలిచారు గాని, ఒకే దారిన చివరిదాకా నడవలేదు. 1835 దాకా అలజడి సాగినా కంచెలే నిలిచాయి.

నాకీ కథ పరాయిది కాదు. మా పలనాటి ఊళ్లో నాయనమ్మ మేకలు మేసిన నేల రెవిన్యూ కాగితాల్లో ‘బంజరు’. అదే పాలకవర్గం 1882లో మద్రాసు అటవీ చట్టం తెచ్చింది. 1921లో పలనాటి రైతులు పుల్లరి కట్టబోమన్నారు. ఆట్‌మూర్ పేరు వారు విని ఉండరు. వినవలసిన అవసరమూ లేదు.

1990ల చివర ఆ బీడులో కొంత భాగాన్ని ఒక పక్షి సంరక్షణ సంఘం కొని, మళ్లీ నీరు నిలిపింది. ఆరబెట్టి బాగుచేశామన్న నేలకు తడే విలువ అని ఇప్పుడు తెలిసింది. ఏడూళ్ల బాతుల కాపరికి అది ముందే తెలుసు. అతణ్ణి ఎవరూ అడగలేదు.