తాబేలు ఊళ్లో చిన్నారి గురువులు

తెర మీద పిల్లలు తప్పుగా నొక్కితే తప్పెవరిది? ఆ ప్రశ్నకు జవాబు కోసం ఓ విశ్వవిద్యాలయం పిల్లల్నే పరిశోధకుల పక్కన కూర్చోబెట్టింది!

వాషింగ్టన్‌లో మెట్రో గ్రీన్‌లైన్ ఎక్కితే కాలేజ్‌పార్క్ చేరుకోవచ్చు. మేరీలాండ్ విశ్వవిద్యాలయం ఉన్న ఊరది. అక్కడి మెకెల్డిన్ గ్రంథాలయం ముందు టెస్టూడో అనే కంచు తాబేలు కొలువై ఉంటుంది. పరీక్షలప్పుడు దాని ముక్కు రుద్దితే కలిసొస్తుందని విద్యార్థుల నమ్మకం. రుద్దీ రుద్దీ ఆ ముక్కు తళతళా మెరుస్తుంటుంది.

వేలి స్పర్శకు సంబంధించి ఈ ప్రాంగణంలో మరో కథ కూడా ఉంది. మనిషికీ కంప్యూటర్‌కీ స్నేహం కుదిర్చేందుకు 1983లో బెన్ ష్నైడర్‌మన్ ఇక్కడో ప్రయోగశాల ప్రారంభించారు. టచ్‌స్క్రీన్ మీద వేలు తగిలిన వెంటనే పని జరిగిపోతే, గురి తప్పిందా... అంతే సంగతులు! అందుకే 1988లో ఈ ప్రయోగశాల ఓ కిటుకు చెప్పింది. వేలు పెట్టినప్పుడు కాదు, ఎత్తినప్పుడే ఎంపిక జరగాలని. అలాగైతే తప్పుచోట పెట్టినా పక్కకు జరిపి సరిచేసుకోవచ్చు.

పెద్దవాళ్లకు సరే, మరి పిల్లలకో? ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంటే బొటనవేలు అంచుకు తగిలి ఇంకేదో తెరుచుకుంటుంది. బొమ్మను లాగుతూ లాగుతూ మధ్యలో వేలెత్తేస్తే అది మళ్లీ మొదటికే వెళ్లిపోతుంది. 'నాకు రాదు' అని పాపం చిన్నబుచ్చుకుంటారు.

పిల్లలకేం కావాలో పిల్లలతో కలిసే తేల్చాలన్నారు ఆలిసన్ డ్రుయిన్. 1998లో అదే ప్రయోగశాలలో 'కిడ్స్‌టీమ్' మొదలైంది. బడి వదిలాక 7 నుంచి 11 ఏళ్ల పిల్లలు వచ్చి, ఏదో కాస్త తిని నేలమీద చతికిలబడేవారు. పరిశోధకులూ వాళ్ల పక్కనే! ఎవరినైనా పేరు పెట్టే పిలవచ్చు. మాట్లాడాలంటే చెయ్యెత్తక్కర్లేదు. కొత్త పరికరాన్ని వాడిచూశాక నచ్చినవీ నచ్చనివీ, 'ఇలా ఉంటే బాగుంటుంది' అనిపించినవీ చిట్టి కాగితాలకెక్కి గోడను అలంకరించేవి. రంగు కాగితాలు, దారం, జిగురుతో నమూనాలు కూడా తయారయ్యేవి.

బొత్తాలు పెద్దవిగా, దూరదూరంగా ఉండాలి. అంచుల్లో ఏమీ పెట్టకూడదు. వేలెత్తిన చోటే బొమ్మ ఆగాలి. చదవడం రాని వయసుకి అక్షరాల బదులు బొమ్మలూ మాటలే దారి చూపాలి. పిల్లలు వాడే తీరును దగ్గరుండి చూస్తేనే తట్టే సంగతులివి.

కాబట్టి, మీ బుజ్జిగాడు తెరతో కుస్తీ పడుతుంటే 'నీకు రాదు, ఇలా ఇవ్వు' అనేయకండి. 'ఇదెలా ఉంటే బాగుంటుంది నాన్నా?' అని అడిగి చూడండి. వాడి దగ్గర జవాబు ఉండే ఉంటుంది!