ముప్పదియొక్క గోలులు

మాకు బంతియాటయందు పాండిత్యము లేదు. పాఠశాలలో సాయంకాలము బాలుర యాటను గమనింపవలసివచ్చినపుడు వేపచెట్టు నీడను కుర్చీ వేయించుకొని రఘువంశము తిరుగవేయువారము. అట్టి మేము పసిఫిక్ మహాసముద్రమున అమెరికా పాలనలోనున్న చిన్న దీవులగు అమెరికన్ సమోవా ఫుట్‌బాలు జట్టును గూర్చి వ్రాయబూనుట పాఠకులకు వింతగా దోపవచ్చును. మా కుమార్తె 2014లో వచ్చిన యొక డాక్యుమెంటరీ చిత్రమును మాకు చూపినది మొదలు ఆ జట్టు మా మనస్సును విడువకున్నది.

2001 ఏప్రిలు 11వ తేదీన వారు ఆస్ట్రేలియా చేతిలో 31 గోలులు తిని, బదులొక్కటియు వేయలేక యోడిరి. ప్రపంచకప్పు అర్హతపోటీలలో అంతటి యోటమి మరియొకటి లేదు. లోకము నవ్వెను, నవ్వినవారు కారణ మడుగలేదు. పాసుపోర్టుల చిక్కువలన మొదట నెన్నుకొన్న యిరువదిమందిలో గోలుకీపరు నికీ సలాపు ఒక్కడే మిగిలెను. చిన్నవారి జట్టునుండి పిలుతమన్న, పలువురకు పాఠశాల పరీక్షలు. (వారి నాటకు విడువని యుపాధ్యాయులను మేము తప్పుపట్టజాలము.) తుదకు పదునైదేండ్ల బాలురును ఆడవలసివచ్చెను.

పదేండ్లకు, 2011 నవంబరులో, ఆ సలాపుయే గోలు కాయుచుండగా, ఆపియాలో టోంగాపై 2-1 గెలిచిరి. ఫిఫాలో చేరినపిదప నదియే తొలి గెలుపు. ఆనాడు రక్షణపంక్తి నడుమ నిలిచినది జయియా సైలువా. ఆమె ఫఅఫఫినె, అనగా పురుషదేహముతో బుట్టి స్త్రీరీతిని మెలగువారికి సమోవావారిడిన పేరు. ప్రపంచకప్పు అర్హతపోటీలో ఆడిన మొదటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తి యామెయే యందురు. ఇచ్చట నట్టివారికి మన మేయే పేర్లు పెట్టితిమో పాఠకు లెరుగుదురు. జట్టువారు మాత్ర మామెను తమలో నొకరిగా చూచుకొనిరి.

పండ్రెండేండ్ల క్రిందట మా తరగతిలో నొక బాలుడుండెను. వాని నడకను, మాటను తోడివారు వెక్కిరించుచుండిరి. బంతి వానికాలికి దొరకినచో మరల నొకరికి దొరకుట కష్టము. ఒకనాడు ఆటల యుపాధ్యాయుడు వానిని జట్టునుండి తొలగించి, "పోయి యాడపిల్లలతో తొక్కుడుబిళ్ల యాడుకొనుము" అనెను. అందరును నవ్విరి. మేమును పుస్తకము చాటున నవ్వితిమి. వాడు మావైపొకసారి చూచెను.

మరునాటినుండి బడికి రాలేదు. నెలకు తండ్రి వచ్చి టీ.సీ. యడిగెను. బడి మానుటకు కారణమను గడిలో "గృహకారణములు" అని మేమే వ్రాసి యిచ్చితిమి.